అప్ప కొన్న గాలితెప్ప

నిన్న సాయంత్రం అప్ప తమ్ముడు మా గుమ్మంలో ఒక నీలం సంచీ దింపాడు. మనిషి వీపంత పెద్ద సంచీ. దాని ఎడమ పట్టీ మీద తెల్ల దారంతో మూడు వరసల కుట్టు ఉంది. ఆ కుట్టు నాదే. కొన్న కొత్తలోనే పట్టీ ఊడిపోతే నా మిషను మీద పెట్టి కుట్టిచ్చాను. నీలం దారం అయిపోయింది, తెల్లది వేస్తే వికారంగా ఉంటుంది, రేపు రా అని నేనంటే, "అందం ఎవలకి గుంటా, ఊడకుండా ఉంటే సాలు" అని అప్ప నా నెత్తిన నిలబడి కుట్టించుకుంది.

"నీకిమ్మని సెప్పింది" అన్నాడు తమ్ముడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. టీ తాగి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. నేను సంచీ పక్కనే కూలబడ్డాను. లోపల ఏముందో తెలుసు కాబట్టి జిప్పు తియ్యలేదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు చుట్టం కాదు. రైల్వే పనుల కోసం తెలుగువాళ్ళు వచ్చి స్థిరపడ్డ ఈ పరాయి రాష్ట్రపు ఊళ్ళో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో వాళ్ళ గోడా మా గోడా ఒకటే, అంతే. నాకు ఝపటాపూర్‌లో చిన్న టైలరింగ్ కొట్టు ఉంది. మా ఆయన యార్డులో గూడ్సు బళ్ళ బ్రేకులు చూసే ఫిట్టరు. అప్ప రైలు పట్టాల మీద పనిచేసింది. గ్యాంగులో చేరి, రిటైరయ్యేదాకా పార పట్టి కంకర ఎత్తింది. పేరు రాయను. ఫొటో తీస్తానంటేనే మొహం తిప్పుకునే మనిషి, పేరు అచ్చులో కనబడితే ఎక్కడున్నా నన్ను వదిలిపెట్టదు.

ఆమె కూర్చోగా నేను చూసింది బహు తక్కువ. నా కొట్లో బేరానికొచ్చేవాళ్ళ కోసం ఒక స్టూలు ఉంటుంది. అప్ప వస్తే ఆ స్టూలు మీద తన చేతిసంచీని కూర్చోబెట్టి, తను పక్కన నిలబడేది. టీ నిలబడి తాగేది. టీవీలో సీరియల్ మా గుమ్మానికి ఆనుకుని ఆఖరిదాకా నిలబడే చూసేది. "కూకోప్పా, నిన్ను సూస్తే నా కాళ్ళు పీకుతున్నాయి" అంటే, "కూకుంటే మల్లీ లెగాల గదా" అనేది. మనుషుల్ని కూడా మొహం చూసి కాక కాళ్ళు చూసి అంచనా కట్టేది. పక్క క్వార్టర్లోకి కొత్త కోడలు వస్తే చూసొచ్చింది. పిల్ల ఎలా ఉందని అడిగాను. "బాగుంది. రెండు కాళ్ళ మీదా సమంగా నిల్సుంటాది" అంది. ఆమె నోట అదే పెద్ద కితాబు. నన్ను మాత్రం, "నీకు ఒంటికాలి మీద బరువేసే అలవాటు, ఎప్పుడో నడుం పట్టీసుద్ది" అనేది. పట్టేసింది కూడా.

ఇంకో అలవాటు ఉండేది. తెలియనివాళ్ళు దాన్ని చూసి నవ్వేవారు. రోడ్డు మీద నడుస్తుంటే వెనక ఎక్కడో హారన్ వినబడితే చాలు, అప్ప టక్కున పక్కకు దిగిపోయేది. చేతిలో ఏముంటే అది నేల మీద పెట్టేసేది. వెనక్కి తిరిగి, వచ్చే బండికి ఎదురుగా, అది దాటిపోయేదాకా అలాగే నిటారుగా నిలబడేది. ప్రేమ్ బజార్‌లో ఒకసారి ఇంజినీరింగ్ కుర్రాడొకడు స్కూటీ మీద వస్తుంటే, కూరల సంచీ కింద పెట్టి అలా నిలబడింది. ఆ పిల్లాడు కంగారుపడి, ఎవరో తెలిసినావిడ అనుకుని నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

"స్కూటీకి సెల్యూట్ ఏటప్పా" అని నేను పగలబడి నవ్వాను.

"బండికి వీపు సూపకూడదు" అంది.

"సూపితే ఏటవుతాది?"

"మా ఆయన సూపినాడు."

సంచీ తీసుకుని నడిచింది. పెళ్ళయిన కొత్తలోనే ఆయన పట్టాల మీద పోయాడని, ఆ ఉద్యోగమే ఆమెకు ఇచ్చారని కాలనీలో అందరికీ తెలుసు. ఎలా పోయాడో నాకు తెలిసింది ఆ రోజే. ఆ తరవాత కూడా ఆమె ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నేనూ మళ్ళీ నవ్వలేదు.

రిటైరైన ఏడాది విశాఖపట్నంలో ఏదో పెళ్ళికి వెళ్ళింది. తిరిగొచ్చాక పెళ్ళి సంగతులు అడిగితే ఒక్కటీ చెప్పలేదు. పెళ్ళికూతురు కట్టుకున్న చీర రంగు కూడా గమనించలేదు, నాకు ఒళ్ళు మండింది. సముద్రం దగ్గర చూసింది మాత్రం, నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే బల్ల అవతల నిలబడి పూసగుచ్చినట్టు చెప్పింది.

"నీళ్ళ మీద బల్లలేసుకుని ఎల్తన్నారు గుంటా. కూకోడం లేదు. నిల్సుని, సేత్తో తెడ్డెట్టుకుని. అందులో ఆడపిల్లలు కూడా ఉన్నారు."

"ఉంటే?"

"ఎవలూ ఏటీ అనడం లేదు."

ఆ మాట నాకు అర్థం కావడానికి ఆమె తన చిన్నతనం కొంచెం విప్పాల్సి వచ్చింది. వాళ్ళ అయ్య శ్రీకాకుళం వైపు సముద్రంలో చేపలు పట్టేవాడు. ఆయనకు పడవ లేదు, తెప్ప ఉండేది. నాలుగు దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కడితే అదే తెప్ప. దానికి అంచులూ ఉండవు, అడుగూ ఉండదు. దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకి వస్తూ పోతూ ఉంటాయి. దాని మీద నిలబడి కెరటాలు దాటి వెళ్ళేవాడు. పొద్దున కట్టడం, మాపటికి విప్పి దుంగలు ఇసకలో ఆరబెట్టడం. వాళ్ళింట్లో ఆడది తెప్ప మీద కాలు పెట్టకూడదు. ఒడ్డున కట్టి ఉన్నదాన్ని దాటకూడదు కూడా, చుట్టూ తిరిగి వెళ్ళాలి.

"దాటితే రెండంగలు. సుట్టు తిరిగితే ఇసకలో కాళ్ళు కాలిపోయేవి. నెత్తి మీద సేపల తట్ట. అలగే తిరిగీదాన్ని" అంది. కోపంగా అనలేదు. ఇసక వేడి ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నట్టు ఒక కాలు ఎత్తి రెండోదాని మీద పెట్టుకుంది.

ఆ నెలలోనే డాక్టరు ఆమె రెండు మోకాళ్ళ ఫొటోలూ చూసి, లోపల అరిగిపోయిందని, నిలబడడం తగ్గించమని, మెల్లిమెల్లిగా కర్ర, ఆ తరవాత కుర్చీ తప్పదని చెప్పాడు. నేనే తోడు వెళ్ళాను. బయటికొచ్చాక ఏడుస్తుందేమో అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు.

"ఇంకొన్నాళ్ళే అన్నమాట" అంది. "అయితే బేగి సూడాల. కాళ్ళు పనిసేస్తన్నప్పుడే నీళ్ళ మీద ఒకపాలి నిల్సోవాల. అంతే నా ఆశ. నీ ఫోన్లో ఎతుకు."

డబ్బు సంగతి అడిగాను. వాళ్ళ ఫ్రిజ్జు చెడిపోయి, కొత్తది కొందామని తీసిపెట్టిన సొమ్ము ఉందట. "ఫ్రిజ్జు ఎంతో బల్లా అంతే. ఒక్క రూపాయి దాటకూడదు" అంది. అలా ఆ ఇంట్లో ఫ్రిజ్జు అనేది లేకుండా పోయింది. ఇడ్లీ పిండీ పెరుగూ మా ఫ్రిజ్జులోకి వలస వచ్చాయి. పొద్దున్నే మా తలుపు కొట్టి, నిద్రకళ్ళతో ఉన్న నన్ను పక్కకు జరిపి, తన గిన్నె తను తీసుకుని పోయేది.

నాకు నీళ్ళంటే భయం. బావిలోకి తొంగి కూడా చూడను. అలాంటి నేను గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఫోన్లో ప్యాడిల్ బోర్డుల వీడియోలు చూస్తూ, ఇంగ్లీషులో వాళ్ళు చెప్పేది అప్పకు తెలుగు చేసి చెప్పే గతి పట్టింది. మొదటి బోర్డు కొనేవాళ్ళు చూపుకు పోవద్దని, వెడల్పు చూసుకోమని, పల్చటి రకం కొంటే మనిషి బరువుకు వంగిపోతుందని అందరూ చెప్పారు. గట్టి బోర్డులు ఉంటాయి, గాలి కొట్టుకునే బోర్డులు ఉంటాయి. మా ఆయన గట్టిదాని పక్షం.

"గాలిది వద్దప్పా. నా సర్వీసంతా లీకులు పట్టడమే గదా, నాకు తెలవదేటి. గాలి ఏదో ఒకరోజు ఎలిపోద్ది."

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. గూడ్సు బండి యార్డు నుంచి కదిలేముందు దాని బ్రేకు గొట్టాల్లోకి గాలి ఎక్కిస్తారు. బండి తోక దగ్గర పెట్టిన గేజిలో సూది లేవాలి. అది లేచేదాకా ఎవరెంత తొందరపెట్టినా ఈయన సంతకం పెట్టడు. ఎండైనా వానైనా సూది వైపు చూస్తూ నిలబడతాడు. ఇంట్లో కూడా అంతే, అన్నం ఉడికిందని నేనంటే నమ్మడు, మూత తీసి చూస్తాడు.

"గట్టిది ఎక్కడెడతాను నాయినా" అంది అప్ప. "నా క్వార్టర్లో నా మంచమే కాళ్ళు ముడుసుకుని ఉంది. ఏ టోటో రిక్షావోడు ఎక్కించుకుంటాడు దాన్ని? ఇదయితే పొద్దుట గాలి కొట్టాల, అయిపోనాక గాలి తీసీసి ఆరబెట్టాల. తెప్ప కూడా అంతే గదా."

పైగా గట్టివన్నీ ఫ్రిజ్జు ధర దాటిపోయాయి. దాంతో గాలిదే ఖాయమైంది.

గాలివాటిలో ఫ్రిజ్జు లోపల పడేవి మూడు మిగిలాయి. బొమ్మలు చూసి ఎంచుకోవడం ఆమెకు నచ్చలేదు. నా మెడలో టేపు లాక్కుని, ముగ్గు డబ్బా పట్టుకొచ్చి, వాళ్ళ వరండాలో మూడింటి ఆకారమూ ఒక్కోటిగా నేల మీద గీసింది. నేను కొలతలు చదవడం, ఆమె ఒంగి ముగ్గు వెయ్యడం. గీశాక చెప్పులు విడిచి మొదటిదాంట్లో నిలబడింది. సన్నగా పొడుగ్గా, ఫోన్లో చూడ్డానికి అన్నిట్లోకీ అందమైనది అదే.

"ఇది వొద్దు. సన్నం" అంది. రెండోది పొట్టిది, పిల్లలదిలా ఉంది. మూడోది వెడల్పు. దాంట్లో రెండు పాదాలూ ఎడంగా పెట్టి, చీపురుకట్టను తెడ్డులా పట్టుకుని ఇటూ అటూ ఊగింది. ఆ తరవాత అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. ముగ్గు గీత చెరగలేదు. మళ్ళీ తిరిగింది.

"తిరగడం ఎందుకప్పా? ముందుకెల్లడం గదా కావాల."

"ఎనక నుంచి బండొస్తే తిరగొద్దేటి?"

"నీళ్ళలో బండేటి?"

ఆమె చీపురుకట్ట గోడకు ఆనించింది. "ఇదే. దీంట్లో తిరగడానికి సోటుంది" అంది. మూడోది నెమ్మదిగా వెళ్తుందని వీడియోలో అన్నారని నేను గుర్తుచేస్తే, "నాకేటి డ్యూటీకి లేటవుద్దా" అంది.

రంగు దగ్గర మాత్రం ఓడిపోయింది. నారింజ రంగు కావాలంది, పట్టాల మీద వేసుకునే కోటు రంగు, దూరానికి కనబడుతుంది. అది ఫ్రిజ్జు దాటిపోయింది. నీలంతో సరిపెట్టుకుని, పాత నారింజ కోటు తనే వేసుకుంటానంది.

సరుకు నా కొట్టుకే వచ్చింది. తెచ్చిన కుర్రాడు "దీదీ, ఇది పరుపా?" అని అడిగాడు. అవునన్నాను. సాయంత్రానికల్లా నిమ్‌పురాలో, పెద్దావిడ మోకాళ్ళకి డాక్టరు గాలిపరుపు రాశాడట అని వార్త పాకింది. పరామర్శకు వచ్చినవాళ్ళకి అప్ప నిలబడే టీ ఇచ్చి పంపింది.

చలికాలం ఉదయం ఇద్దరం టోటో కట్టించుకుని కాంసాయి ఒడ్డుకు వెళ్ళాం. మా ఆయనకు డ్యూటీ పడింది. నది నెమ్మదిగా ఉంది. ఎగువన మేదినీపూర్ వెళ్ళే లైను వంతెన. అప్ప బోర్డు పరిచి, పంపు గొట్టం తగిలించి, కంకర కొట్టినట్టే ఒక లయలో గాలి కొట్టింది. నేను పంపు మీదున్న చిన్న గేజి చూస్తున్నాను. బోర్డు ఉబ్బింది గాని సూది కదల్లేదు.

"సూది లెగలేదప్పా."

"సవక సరుకు గదా, గేజి పనిసెయ్యదు. నొక్కి సూడు, గట్టిగానే ఉంది."

నొక్కాను. నాకూ గట్టిగానే అనిపించింది. తేలే కోటు, అదే లైఫ్ జాకెట్టు, వేసుకుని, దాని మీద పాత నారింజ కోటు తొడుక్కుంది. బోర్డుకున్న తాడు కాలికి చుట్టుకోవడానికి అంటుకునే పట్టీ ఇచ్చారు. దాన్ని నమ్మక, పైన ఇంకో ముడి తనకు తెలిసిన పద్ధతిలో వేసుకుంది. మోకాళ్ళ మీద ఎక్కినప్పుడు నొప్పికి పళ్ళు బిగబట్టడం ఒడ్డు మీది నుంచే కనబడింది. తెడ్డుతో నేలను తోసింది. కొంచెం దూరం వెళ్ళాక ఒక పాదం, తరవాత రెండోది. లేచి నిలబడింది.

నిలబడగానే బోర్డు మధ్యలో కిందికి కుంగింది. నీళ్ళు పైకి వచ్చి ఆమె చీలమండల్ని కప్పేశాయి. నా ప్రాణం పోయింది. "నీళ్ళొచ్చేస్తన్నాయి, వచ్చీయప్పా" అని ఒడ్డున అటూ ఇటూ పరిగెత్తాను. ఆమె నా మాట వినలేదు. తల వంచి తన కాళ్ళ వైపే చూసుకుంటోంది. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎవరికీ భయపడని చిన్నపిల్ల మొహం అది.

అప్పుడే వంతెన మీద హారన్ వినబడింది. గూడ్సు బండి, ఆమె వెనక నుంచి. ఏం చేస్తుందో నాకు తెలుసు. తెడ్డు దించి అడ్డంగా పట్టుకుంది. చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ, చీలమండల లోతు నీళ్ళలో, బోర్డు మీద వెనక్కి తిరిగింది. బండికి ఎదురుగా నిటారుగా నిలబడింది. ఆఖరి పెట్టె దాటి చప్పుడు ఆగేదాకా కదల్లేదు. ఆ తరవాత మళ్ళీ తిరిగి, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చింది.

"మా అయ్య కాళ్ళ మీదికి ఇలగే వచ్చీవి నీళ్ళు" అంది. "ఒడ్డు నుంచి సూసీదాన్ని. ఎలగుంటాదో అనుకునీదాన్ని." పాదాలు చాపి నాకు చూపించింది. నానిపోయి తెల్లగా ఉన్నాయి.

ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్తే మా ఆయన తల పట్టుకున్నాడు. అలాంటి గేజిల్లో మొదట సూది కదలదట, బోర్డు నిండిందని మనం అనుకున్నాక ఇంకా చాలాసేపు కొడితేగాని లేవదట. మీరు సగం గాలితో నదిలోకి వెళ్ళారన్నాడు. తరవాతి ఆదివారం తనే వచ్చి, చెమటలు కారేలా పంపు కొట్టి, సూది లేపాడు. బోర్డు తడితే డప్పులా మోగింది. అప్ప ఎక్కి నిలబడింది. బోర్డు నీటి పైన తేలింది, ఆమె పాదాలు పొడిగా ఉన్నాయి. కాసేపటికే తిరిగొచ్చింది.

"బల్ల మీద నిల్సున్నట్టుంది" అంది మొహం మాడ్చుకుని. అందరి ముందే మూత తిప్పి కొంత గాలి వదిలేసింది.

"అప్పా, అది వంకరపోతాది. పడిపోతావ్" అన్నాడు ఆయన.

"పడితే తడుస్తాను. తడవడానికే గదా వచ్చినాను."

"సూది లెగని బండిని నా సేత్తో పంపనప్పా."

"పంపకు నాయినా. నేనే ఎల్తాను."

ఆయన నిజంగానే మళ్ళీ రాలేదు. కోపం కాదు, చూడలేడు. ఆ చలికాలమంతా ఆదివారాలు అప్పా నేనూ వెళ్ళేవాళ్ళం. ఆమె కావాలనే గాలి తక్కువ కొట్టేది. రెండుసార్లు పడింది కూడా. తాడు పట్టుకుని ఎక్కి, ముక్కు చీదుకుని మళ్ళీ నిలబడేది. ఒక్కసారి నిలబడితే చాలన్న మనిషి ఎండాకాలం నీళ్ళు తగ్గేదాకా ఒక్క ఆదివారం మానలేదు. తిరిగొచ్చాక వరండాలో బోర్డు విప్పి ఆరబెట్టి, దాని చుట్టూ తిరగకుండా, ఎన్నిసార్లు లోపలికీ బయటికీ వెళ్ళినా దాటుకుంటూనే వెళ్ళేది. నేను చూస్తున్నానని తెలిసి ఇంకోసారి దాటేది.

వానలు పడ్డ కొత్తలో ఒక ఉదయం వంటింట్లో పడిపోయింది. ఒక పక్క చచ్చుబడింది. మాట ముద్దగా అయిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. కూర్చోని మనిషి మంచాన పడింది. నాకు చూడబుద్ధి కాలేదు, చూడకుండానూ ఉండలేకపోయాను.

మా ఇళ్ళకు దక్షిణాన యార్డు. పగలంతా హారన్లు మోగుతూనే ఉంటాయి. హారన్ మోగినప్పుడల్లా అప్ప మంచం మీద పెనుగులాడేది. పనిచేసే చేత్తో దుప్పటి పట్టుకుని లాగేది, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చేది. నొప్పి అనుకున్నారు. డాక్టరు నిద్రమందు రాశాడు. మందు వేసినా హారన్ వినబడితే మెలకువ వచ్చేసేది. నేను రోజూ పక్కన కూర్చుని కాళ్ళు పట్టేదాన్ని. నాకూ తట్టలేదు. ఒకరోజు ఇంజను గట్టిగా కూసింది, ఆమె తల వెనక్కి తిప్పాలని చూసి, తిప్పలేక, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అప్పుడు మంచం ఎలా వేశారో చూశాను. తల దక్షిణానికి, మొహం ఉత్తరపు గోడకి. యార్డు అంతా ఆమె వెనక ఉంది.

"మంచం తిప్పుదాం" అన్నాను తమ్ముడితో.

"తిప్పితే తల ఉత్తరానికి పడుద్ది" అన్నాడు. తల ఉత్తరానికి పెట్టి పడుకోకూడదని మా ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందులో ఆమె ఉన్న స్థితిలో.

"బండికి వీపు సూపిస్తంది" అన్నాను.

ఆయన కొంతసేపు అక్క వైపు చూశాడు. తరవాత మంచం కాళ్ళ వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి తిప్పేశాం. వీపు కింద దిండ్లు ఎత్తుపెట్టి కిటికీ తెరిచాం. మళ్ళీ బండి కూసినప్పుడు అప్ప అటే చూస్తూ ఊరుకుంది. ఆ తరవాత నిద్రమందు అక్కర్లేకపోయింది. ఇరుగుపొరుగు వచ్చి, తల ఉత్తరానికి పెట్టారేమిటని చీవాట్లు పెడితే తమ్ముడు తల వంచుకుని పడ్డాడు గాని మంచం కదపలేదు.

ఆమె అలాగే, కిటికీ వైపు మొహం పెట్టుకుని పోయింది. తీసుకెళ్తుంటే లెవెల్ క్రాసింగ్ దగ్గర గ్యాంగువాళ్ళు పనిలో ఉన్నారు. పాడె రావడం చూసి ఒక్కొక్కరే పారలు కింద పెట్టారు. పక్కకు దిగి, మా వైపు తిరిగి, దాటిపోయేదాకా నిటారుగా నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, అక్కడ నా వల్ల కాలేదు.

నిన్న ఆ సంచీ వచ్చింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూశాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "రేపు నాకు రెస్టు. టోటో సెప్పనా?" అన్నాడు.

ఈ ఉదయం కాంసాయి ఒడ్డున బోర్డు పరిచాం. మడతల్లో కొంచెం ఇసక ఉంది. ఆయన పంపు కొట్టడం మొదలుపెట్టాడు. బోర్డు లేచింది, ఉబ్బింది. నేను గేజి చూస్తూ నిలబడ్డాను. ఇంకా చాలాసేపు కొట్టాలని నాకిప్పుడు తెలుసు. ఆయన ఆగాడు. సూది సున్నా మీదే ఉంది. ఊపిరి తీసుకోవడానికి ఆగాడనుకున్నాను. గొట్టం విప్పేసి మూత బిగించాడు.

"సాలు" అన్నాడు, నా వైపు చూడకుండా.

తేలే కోటు నాకు తొడిగాడు. తాడు నా కాలికి కట్టాడు. నడుంలోతు నీళ్ళలో దిగి బోర్డు అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. మోకాళ్ళ మీద ఎక్కి, ఆయన భుజం ఆసరాతో ఒక కాలు, తరవాత రెండోది. బోర్డు మధ్యలో కుంగింది. చల్లటి నీళ్ళు వచ్చి నా చీలమండల దాకా ఎక్కాయి. ఒంటికాలి మీద బరువెయ్యకు అని ఎవరో అన్నట్టయింది, రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడ్డాను.

వెనక వంతెన మీద హారన్ మోగింది.

"కదలకు, పడతావ్" అన్నాడు మా ఆయన.

నేను ఆయన భుజం వదిలేశాను. ఏడుపు వస్తోంది, ఏమీ సరిగ్గా కనబడటం లేదు. నీళ్ళలోనే పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ బండి వైపు తిరిగాను. చోటు సరిపోయింది.